డోర్నకల్ అజరయ్య

పిలుపు విని పదవిని లెక్కసేయనివారు ఖమ్మము సీమకు క్రొత్త కారు. నేలకొండపల్లి గోపన్న తహసీలుదారుగా నుండి, భద్రగిరిపై రాములవారికి కోవెల కట్టించి, గోలకొండ చెరసాల పాలయిన కథ తెలుగునాట నెరుగనివారు లేరు. అదే గోదావరి తీరమున, భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెమున, పందొమ్మిదవ శతాబ్దమున జరిగిన మరియొక కథ మాత్రము పదిమందికి తెలియదు. నౌకాయానమునకై అచట నదికి కట్టలు కట్టించుచుండిన హేగ్ అను ఇంజనీరు క్రింద వెంకటరామరాజు అను ఉద్యోగి యుండెను. ఆయన క్రైస్తవము స్వీకరించి, జీతపు కొలువు విడిచి, కోయల నడుమ బోధకుడయ్యెను. తరువాత జాన్ కెయిన్ అను మిషనరీ అచటనే స్థిరపడి, కోయభాష నేర్చి, భద్రాచలము, రేకపల్లి తాలూకాల జనులను గూర్చి ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో వ్యాసములు వ్రాసెను.

ఈ అడవి అంచునకే మరియొకడు వచ్చెను. ఆయన తెలుగువాడు కాడు. వచ్చునాటికి తెలుగు రాదు.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి సీమయందలి వెళ్ళాళన్‌విళై అను పల్లెలో జన్మించెను. తండ్రి తామస్ వేదనాయకం నాడారు కులస్థుడు, క్రైస్తవ గురువు. తల్లి యెల్లెన్. చాలకాలము ఎదురుచూచిన పిదప కలిగిన కుమారుడగుటచే, బైబిలునందలి హన్నా తన బిడ్డను దేవునికి అర్పించినట్లు తామును అర్పింతమని తలంచి వారు శామ్యూలని పేరు పెట్టిరి. ఆ కథలోని బాలుడు రాత్రివేళ ఆలయమున తన పేరు పిలువబడుట వినును. మొదట అది గురువు పిలుపనుకొని ఆయనయొద్దకు పరుగెత్తును. పేరు పెట్టుట తలిదండ్రుల పని. పిలుపు వినుట ఎవరికి వారే చేయవలసిన పని. అజరయ్యకు అది ముప్పదియైదవ యేటగాని పూర్తిగా వినబడలేదు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివెను గాని, తుది పరీక్ష వేళ జబ్బుపడి గణితపరీక్షకు కూర్చుండలేదు. బి.ఏ. పట్టము దక్కలేదు. తరువాత ఆ పరీక్ష జోలికి పోలేదు. పట్టభద్రుడు కాని ఆయనకు 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు నొసగుట విధివిలాసము. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శియై దక్షిణదేశమంతయు తిరిగెను. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడెను.

1902లో ఆయన సింహళములోని జాఫ్నాకు వెళ్ళెను. అచటి తమిళ క్రైస్తవులు తమలోనివారిని తామే బోధకులుగా పంపుచుండుట చూచెను. తిరునల్వేలి క్రైస్తవులు సంఖ్యలో ఎంతో అధికులయ్యు, పరదేశపు మిషనరీల పోషణలోనే యుండిరి. ఆ చిన్నతనము ఆయనను బాధించెను. మరుసటి ఏడు, 1903లో, తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ వెలసెను. ధనము భారతీయులది, మనుష్యులు భారతీయులు, నడుపువారు భారతీయులు. 1904లో వారి మొదటి మిషనరీ నైజాము రాజ్యమున డోర్నకల్లుకు వచ్చెను. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపురమున జాతీయ మిషనరీ సంఘము ఏర్పడెను. దానికిని అజరయ్య సూత్రధారులలో నొకడు.

ఇంతవరకు ఆయన చేసినది ఇతరులను పంపుట. సభలలో నిలిచి, ఎవరు పోయెదరని యువకుల నడుగుట. చక్కగా మాటలాడువానికి ఈ పని సుఖముగనే యుండును. చప్పట్లు దొరకును, రైలు టిక్కెట్టు దొరకును, పేరు వచ్చును. కాని పొమ్మని చెప్పుచున్న నోరు తానెందులకు పోవుట లేదను ప్రశ్న ఆయన హృదయమున మొలకెత్తెను. అదియే ఆయన పిలుపు. ఆకాశమునుండి ధ్వని రాలేదు. తన మాటయే తిరిగి తన చెవిన పడెను. సంసారి, భారతదేశమంతట పేరున్న కార్యదర్శి, 1909లో కొలువు విడిచి గురుపట్టము పొంది, తెలుగు ఓనమాలు దిద్దుకొని డోర్నకల్లు చేరెను. సింగరేణి గనులవైపు రైలుమార్గము చీలు కూడలి యది. చుట్టును తుప్పలు, అడవి, మన్యపుజ్వరము.

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. అచట అజరయ్య తెల్ల మిషనరీలకును భారతీయ సేవకులకును నడుమగల దూరమును నిర్మొగమాటముగా ఎత్తిచూపెను. త్యాగము చేయుదురు, ధనమిత్తురు, కాని స్నేహమీయరని ఆయన మాటల సారాంశము. సభలో కొందరికది రుచింపలేదు.

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ ఆయనను బిషప్పుగా ప్రతిపాదించినపుడు వ్యతిరేకత రెండువైపుల నుండి వచ్చెను. భారతీయుని క్రింద దొరలు పనిచేయుట ఎట్లని కొందరు. కులము తక్కువవాడని మరికొందరు. రెండవ మాట అన్నవారిలో మనవారుండుట గుర్తుంచుకొనదగినది. అయినను 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్ కతీడ్రల్‌లో ఆయనకు అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పు ఆయనయే. మరణించువరకు ఒక అధ్యక్షమండలమునకు ఏలికయైన భారతీయుడు మరియొకడు లేడు.

డోర్నకల్ అధ్యక్షమండలము మొదట చిన్నది. క్రమముగా కృష్ణామండలపు సంఘములు కలిసెను. దుమ్ముగూడెపు కోయ సంఘమును దానిలోనిదయ్యెను. ఒకవైపు నైజాము, వేరొకవైపు మద్రాసు రాజధాని. ఎడ్లబండిమీద, కాలినడకను ఊరూర తిరిగిన ఆ బిషప్పు ఎదుట కూర్చున్నవారు ఎక్కువమంది మాలలు, మాదిగలు. గుడి బయటను, బావి బయటను నిలువబడిన జనము. ఆ రెండు కులములవారికిని తమలో తమకు పొత్తు లేదు. వారిని ఒకే బల్లయొద్ద కూర్చుండబెట్టుట దొరల అనుమానమును గెలుచుటకన్న కష్టమైన పని.

బాప్తిస్మము పొందు ప్రతివాడును తన తలపై తన చేయి ఉంచుకొని, సువార్త చెప్పకున్న తనకు శ్రమయని పలుకు ఏర్పాటు ఆయన చేసెను. ఆ పలుకు పౌలుది. పలికినవారు అక్షరము రాని కూలివారు. పిలుపు గురువుల సొత్తు కాదనియు, పాలేరు చేతికిని దానిలో భాగము గలదనియు వారికి తెలియుటకు ఇంతకన్న సులువైన పాఠము లేదు. కానుకల విషయమునను అంతే: పూట పూటకు వండుటకు ముందు తీసి యుంచిన పిడికెడు బియ్యము పల్లె సంఘముల ఆధారమాయెను. 1935 నాటికి ఆ మండలమున రెండువందల యేబదిమంది భారతీయ గురువులును, రెండువేలకు పైగా గ్రామోపాధ్యాయులును పనిచేయుచుండిరి.

మతాంతరీకరణమును గూర్చి ఆయనకును గాంధీజీకిని ఏకాభిప్రాయము కుదరలేదు. అయినను క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదన్నవాడాయన. ఈ రెండింటిని కలిపి చూడని వారు ఆయనను సగమే ఎరుగుదురు.

డోర్నకల్లున కట్టించిన కతీడ్రల్ దేవాలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠితమయ్యెను. దానిలో గుమ్మటములును, మినారులును, దక్షిణాది కోవెలలను తలపించు స్తంభములును గలవు. ఇంగ్లండు పల్లెలలోని చర్చిని అడవి అంచున దింపుట ఆయనకు ఇష్టము లేదు. సంఘములన్నియు ఒకటి కావలెనని ఏండ్లతరబడి శ్రమించెను. ఆ దక్షిణ భారత సంఘము 1947 సెప్టెంబరు 27వ తేదీన ఏర్పడెను. దానిని చూచుటకు ఆయన లేడు. 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్లుననే కన్ను మూసెను. అప్పటికి ఆ ఊరు చేరి ముప్పదియైదేండ్లు దాటినవి.