సామంత చంద్రశేఖరుడు

ఒడిశా కొండసీమలలో ఖండపడా యను చిన్న సంస్థానముండెను. 1835వ సంవత్సరమున ఆ రాజవంశమునందు చంద్రశేఖరుడు జన్మించెను. ప్రజలాతనిని పఠాణి సామంతుడని పిలిచెడివారు. అతడు ఇంటివద్దనే సంస్కృతము నభ్యసించెను.

పదియేండ్ల ప్రాయమున ఇంటి పెద్దలొకరు అతనికి జ్యోతిషము నేర్పిరి. నాటినుండి రాత్రియైనచో బాలుని చూపులు ఆకసముమీదనే యుండెడివి. ఏ చుక్క యే వేళ నుదయించునో, ఏ గ్రహము ఏ నక్షత్రమును సమీపించునో అతడు గమనించుచుండెను. ప్రాచీన గ్రంథములను చదివి గణించుటయు నేర్చెను. పదునైదేండ్లు వచ్చుసరికి అతనికొక చిక్కు తోచెను. గ్రంథములనుబట్టి లెక్కించిన తావులలో గ్రహములు కనబడుటలేదు!

పూజ్యములైన గ్రంథములను సందేహించుట సులభము కాదు. ఊరకుండుటయు తగదు; తిథులు, గ్రహణములు, పండుగలు ఆ లెక్కలమీదనే ఆధారపడియుండెను. కావున చంద్రశేఖరుడు ఆకాశమునే సాక్షిగా గైకొని, తానే కొలిచి చూడ నిశ్చయించెను.

అందులకు అతనికి దూరదర్శిని లేదు. కఱ్ఱలతోను, వెదురు గొట్టములతోను పరికరములను తానే చేసికొనెను. వానిలో ముఖ్యమైనది మానయంత్రము. ఒక నిడుపు కఱ్ఱ చివర గాట్లును రంధ్రములును గల మఱియొక కఱ్ఱను అడ్డముగా నమర్చినచో అది సిద్ధమగును. నిడుపు కఱ్ఱ కొనను కంటియొద్ద నుంచుకొని, గాట్లమీదుగా చూచి, రెండు చుక్కల నడుమ గల కోణమును తెలిసికొనవచ్చును. ఇరువదిమూడవ యేటినుండి అతడు తాను చూచినదానిని క్రమముగా వ్రాసి యుంచెను.

ఇట్లు పూర్వుల గణనములను సవరించి, 1869లో సిద్ధాంతదర్పణమను సంస్కృత గ్రంథమును పూర్తిచేసెను. తాళపత్రములపై నున్న ఆ గ్రంథము, కటకమునందలి కళాశాలలో ఆచార్యుడైన యోగేశచంద్ర రాయ్ పూనికవలన 1899లో కలకత్తాలో అచ్చయ్యెను. అంతకుముందే, 1893లో, ప్రభుత్వము చంద్రశేఖరునకు మహామహోపాధ్యాయ బిరుదము నొసగెను. పూరీ జగన్నాథాలయమున పంచాంగమునకు ఆతని గణనము ప్రమాణమయ్యెను. 1904లో పూరీయందే అతడు కన్నుమూసెను.

గ్రహములు సూర్యుని చుట్టును, సూర్యుడు భూమి చుట్టును తిరుగుచున్నారని అతడు నమ్మెను. సూర్యుని గూర్చిన ఆ నమ్మకము సరికాదని నేడు మనమెఱుగుదుము. అయినను ఆతని కొలతలు పండితులకు అచ్చెరువు గొలిపినవి. ఖగోళమును నేర్వగోరు బాలబాలికలు ఆతనివలె చీకటి పడగానే ఆరుబయట నిలిచి, ఒక్కొక్క చుక్కనే గుర్తించి, చూచినదానిని ఆ రాత్రియే వ్రాసి యుంచుకొనవలెను. మఱునాటి రాత్రి మరల చూడవలెను.