సంగ్రహణి బాధ నుంచి పుట్టిన సంకల్పం: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

సిరొంచ చెంత పారే ప్రాణహిత కాళేశ్వరం వద్ద గోదావరిలో సంగమించి, భద్రాచలం మీదుగా రాజమండ్రి చేరుతుంది. ఆ దిగువ గోదావరి సీమకు చెందిన భీమవరంలో 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు జన్మించారు. పేద కుటుంబం. మెట్రిక్యులేషన్‌లో రెండు పర్యాయాలు తప్పి, మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తి పడవలసి వచ్చింది.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది ఒక ప్రేగుల వ్యాధి. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల వ్యవధిలోనే ‘స్ప్రూ’ అనే సంగ్రహణి వ్యాధికి బలైపోయారు. ఈ వ్యాధిలో విరేచనాలు విడువవు, తిన్న ఆహారంలోని సారం ఒంటికి పట్టదు, రక్తం క్షీణిస్తుంది. సుబ్బారావు సైతం ఆ వ్యాధి బారిన పడి కోలుకున్నారు.

ఉష్ణమండల వ్యాధుల అధ్యయనం కోసం 1922లో భార్య శేషగిరిని స్వదేశంలోనే విడిచి అమెరికాలోని బోస్టన్ నగరానికి వెళ్ళారు. పొట్ట పోసుకోవటానికి ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పని చేశారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలను గుర్తించారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరి పరిశోధనలకు సారథ్యం వహించారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆయన సారథ్యంలోనే బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. అది టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది. స్ప్రూ వ్యాధికి వైద్యులు ఇచ్చే చికిత్స నేటికీ ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్‌లే. సోదరులను కబళించిన వ్యాధికి మందు ఆ విధంగా ఆయన ప్రయోగశాల నుంచే లభించింది.

1947లో ఆ ప్రయోగశాల నుంచే బోదకాలు వ్యాధికి ‘హెట్రజాన్’ వెలువడింది. నేడు డి.ఇ.సి. పేరుతో ఇంటింటికీ పంచుతున్న మాత్ర అదే. గడ్చిరోలి కూడా బోదకాలు ఉన్న జిల్లాయే. డి.ఇ.సి.తోపాటు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ప్రేగులలోని ఏలికపాములు, కొంకిపురుగుల మీద కూడా పనిచేస్తుంది.

ఆరోగ్యంగా ఉన్నవారికి మందు దేనికని పలువురు సందేహిస్తారు. సుబ్బారావు సోదరులకు విరేచనాలు ఉన్నా, ఆ వ్యాధికి కారణం పురుగులు కావు. దీనికి విపర్యయంగా, కడుపునిండా పురుగులున్నా ఒక్క విరేచనమైనా కానివారు ఎందరో ఉంటారు. కొంకిపురుగు చెప్పులు లేని పాదాల గుండా ప్రవేశించి, ప్రేగు గోడను పట్టుకొని నిశ్శబ్దంగా రక్తం పీలుస్తుంది. బిడ్డ పాలిపోతాడు, చదువులో వెనుకబడతాడు, కానీ కడుపునొప్పి అని కూడా చెప్పకపోవచ్చు. జిగట విరేచనాలు కలిగించే అమీబా సైతం అనేకుల ప్రేగులలో ఏ బాధా లేకుండా నివసిస్తూ, వారి మలం ద్వారా ఇతరులకు చేరుతుంది. బోదకాలు పురుగు పిల్లలు కూడా కాలు వాయక మునుపే ఏళ్ళ తరబడి రక్తంలో తిరుగుతాయి.

కనుక విరేచనాలు లేవన్న ధీమాతో మాత్రను తిరస్కరించరాదు. గర్భిణులు, రెండేళ్ళలోపు పిల్లలు, తీవ్ర రోగపీడితులు తప్ప తక్కినవారు భోజనానంతరం ఆరోగ్య కార్యకర్త ఎదుటే డి.ఇ.సి. వేసుకోవాలి. విరేచనాలు తగ్గకుంటే మాత్రం నులిపురుగుల మాత్రతో సరిపెట్టుకోక మలపరీక్ష చేయించుకోవాలి. అమీబాకు మందు వేరు. మరుగుదొడ్డి వాడకం, చేతుల శుభ్రత, పాదరక్షలు లేనిదే పురుగులు మరల చేరతాయి.

సుబ్బారావు స్వదేశానికి తిరిగి రాలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, నిద్రలోనే కన్నుమూశారు. భారత తపాలా శాఖ 1995లో ఆయన స్మారక బిళ్ళను విడుదల చేసింది. ఆయన మందు మాత్రం ఏటా మన గుమ్మం ముందుకు వస్తూనే ఉంది.