పూర్ణమనస్సుతో ప్రభువును వెదకిన పండిత రమాబాయి

ధ్యానమునకు: మత్తయి 22:34–40, రోమా 12:1, 2



ముఖ్యమైన ఆజ్ఞ ఏదియని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగినప్పుడు, మన ప్రభువు హృదయముతోను ఆత్మతోను పాటు మనస్సును కూడ చేర్చి చెప్పెను. అయినను ఈ మూడవదానిని గూర్చి మన సంఘములలో రెండు పొరపాట్లు కనబడుచున్నవి. కొందరు ప్రశ్న అడుగుటయే అవిశ్వాసమని తలంచి బిడ్డల నోరు మూయింతురు. మరికొందరు వాక్యమును చదివి తెలిసికొనుటతోనే అంతయు దొరికినదని తృప్తిపడుదురు. ఈ రెండు పొరపాట్లను దిద్దుకొనుటకు ఒక భక్తురాలి జీవితము మనకు సాయపడును.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమలలోని గంగామూల అను అడవిలో పుట్టెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. ఆడువారికి సంస్కృతము నేర్పుట తప్పని ఎంచిన ఆ దినములలో ఆయన తన భార్య లక్ష్మీబాయికి నేర్పెను. అందువలన నిందలు భరించి అడవిలో కాపురము పెట్టెను. తల్లి తెల్లవారుజామున కూతురిని నిద్రలేపి శ్లోకములు వల్లె వేయించెడిది. అందుచేత చిన్ననాటనే భాగవత శ్లోకములు వేలకొలదిగా రమాబాయికి కంఠస్థమాయెను.

ఆ కుటుంబము పుణ్యక్షేత్రములు తిరుగుచు పురాణము చెప్పి జీవించుచుండెను. 1870ల కరువులో వారి చేతి సొమ్మంతయు ఖర్చయిపోయెను. తిరుపతి ప్రాంతపు అడవిలో నీళ్లతోను ఆకులతోను ప్రాణము నిలుపుకొన్న దినములు కూడ వారికి వచ్చెను. తండ్రియు, తల్లియు, అక్కయు ఒకరి వెనుక ఒకరు చనిపోయిరి. మిగిలిన అన్న శ్రీనివాసునితో ఆమె కాలినడకను దేశమంతయు తిరిగి 1878లో కలకత్తా చేరెను. అక్కడి విద్వాంసులు ఆమెను పరీక్షించి పండిత అనియు, సరస్వతి అనియు బిరుదులిచ్చిరి. ఇరువది యేండ్ల పిల్లకు అది గొప్ప ఘనత. అయితే శాస్త్రములను లోతుగా చదివిన కొలదియు, స్త్రీలను గూర్చి వాటిలో చెప్పిన మాట ఆమె మనస్సునకు సమ్మతము కాలేదు. ఆమె దానిని దాచుకొనలేదు.

1880లో అన్న మరణించెను. ఆ యేడే ఆమె బిపిన్ బిహారీ మేధావి అను బెంగాలీ వకీలును పెండ్లాడెను. సిల్చార్‌లోని వారి యింటి పుస్తకములలో బెంగాలీ భాషలోని లూకా సువార్త ఆమెకు దొరికెను. 1881లో మనోరమ పుట్టెను. 1882లో భర్త కలరాతో చనిపోయెను. చంకబిడ్డతో పూనా చేరిన ఆ విధవరాలు స్త్రీల మేలుకొరకు ఆర్య మహిళా సమాజమును స్థాపించి, 1883లో చదువుకొరకు ఇంగ్లాండు వెళ్లెను.

అక్కడ వాంటేజ్ అను ఊరిలోని కన్యాశ్రమమువారు ఆమెను చేర్చుకొనిరి. చెడిపోయిన స్త్రీలని లోకము త్రోసివేసిన వారిని ఫుల్హామ్‌లో ఆ సహోదరీలు ప్రేమతో చూచుట ఆమె కన్నులార చూచెను. ఈ ప్రేమ ఎక్కడనుండి వచ్చినదని అడుగగా, యోహాను 4వ అధ్యాయములోని సమరయ స్త్రీ కథను వారు వినిపించిరి. 1883 సెప్టెంబరు 29న తల్లియు కుమార్తెయు బాప్తిస్మము పొందిరి.

అంతటితో ఆమె ప్రశ్నలు ఆగలేదు. త్రిత్వమును గూర్చియు, సంఘాధికారమును గూర్చియు ఆమె ఉత్తరములు వ్రాసి వాదించెను. ఆశ్రమమువారు అణకువతో ఒప్పుకొమ్మని కోరిరి. మనస్సాక్షి ఒప్పనిదానిని పెదవులతో పలుకుటకు ఆమె నిరాకరించెను. ఇందువలన తన్ను ఆదరించినవారికే ఆమె దుఃఖము కలిగించెను, తానును దుఃఖపడెను. అయినను వాక్యమును మూసిపెట్టలేదు, వెదకుట మానలేదు.

1889లో స్వదేశమునకు వచ్చి బొంబాయిలో విధవల కొరకు శారదా సదనమును ప్రారంభించెను. అప్పటికి ఆమె పేరు అమెరికాలో సైతము తెలిసియుండెను. అట్టి దినములలో, 1891 ప్రాంతమున, ఒక సంగతి ఆమెకు తేటపడెను. తాను క్రైస్తవ మతమును పరీక్షించి స్వీకరించినది గాని, క్రీస్తును తన రక్షకునిగా ఇంకను చేర్చుకొనలేదు. విలియం హాస్లాం అను ఇంగ్లీషు బోధకుడు, తాను బోధకుడైన కొన్ని యేండ్ల తరువాతనే మారుమనస్సు పొందితినని వ్రాసిన పుస్తకము ఆమెకు తోడ్పడెను. ఇంత విద్య గలిగినదై, ఇతరులకు ఉపకారము చేయుచు, తానే వట్టి చేతులతో కృపను అడుగవలసి వచ్చెను. ఆమె అడిగి పొందెను.

ఇక చదువుతో పని లేదని ఆమె పుస్తకములు కట్టిపెట్టెనా? చూడుడి. కరువు వాతపడిన బాలికలను వందలకొలదిగా తెచ్చి పూనా దాపున కేడ్గాములో ముక్తి ఆశ్రమమున పోషించెను. 1905లో ఆ ఆశ్రమమున గొప్ప ఉజ్జీవము కలిగి, బాలికలు కన్నీటితో ప్రార్థించిరి. దాదాపు ఆ కాలముననే, నలుబది యేండ్లు దాటిన రమాబాయి హెబ్రీ, గ్రీకు భాషలకు కూర్చుండి బైబిలును మరాఠీలోనికి తర్జుమా చేయ మొదలుపెట్టెను. అప్పటి తర్జుమాలోని సంస్కృత పదములు పల్లె స్త్రీలకు అర్థము కావని ఆమె తలంచెను. సంస్కృతముచేత బిరుదులు పొందిన ఆ నాలుక, చదువురాని స్త్రీ కొరకు తేలిక మాటలు వెదకెను! ఆశ్రమపు స్త్రీలే అచ్చు అక్షరములు కూర్చిరి. 1913లో క్రొత్త నిబంధన వెలువడెను. 1921లో మనోరమ తల్లికంటె ముందుగా మరణించెను. ఆ దుఃఖములోను పని సాగించి, 1922 ఏప్రిల్ 5న రమాబాయి ప్రభువునందు నిద్రించెను. సంపూర్ణ బైబిలు 1924లో అచ్చయ్యెను.

మనస్సు ఆమెను ద్వారము వరకు తెచ్చినది. లోపలికి ప్రవేశించుటకు ఆమె మోకరింపవలసి వచ్చెను. మోకరించిన తరువాత ప్రభువు ఆ మనస్సును త్రోసివేయక, శుద్ధిచేసి, పనిలో పెట్టెను. మనస్సు నూతనమగుట అనగా ఇదియే.

మీ కుమారుడు వాక్యమును గూర్చి కష్టమైన ప్రశ్న తెచ్చినప్పుడు కసరుకొనకుడి; బైబిలు తెరచి అతనితో కూడ కూర్చుండుడి. మీకే అంతయు తెలిసినదని తోచినప్పుడు, తెలిసికొన్న ప్రభువును చేర్చుకొంటినా యని మిమ్మును మీరే అడుగుకొనుడి.

ప్రార్థన: ప్రభువా, మా ప్రశ్నలను నీ యొద్దకే తెచ్చు ధైర్యమిమ్ము. మేము నేర్చినదంతయు నీ పాదములయొద్ద ఉంచి, చిన్నవారి మేలుకొరకు వాడుటకు నేర్పుము. ఆమేన్.