కాశీ వదిలిన కబీరు

సంత్ కబీరుదాసు 15వ శతాబ్దంలో కాశీలో ముస్లిం నేతగాళ్ల ఇంట పెరిగారు. మగ్గం మీద కూర్చుని పడుగూ పేకా కలుపుతూనే రామనామం పట్టుకున్నారు. ఆ రాముడు ఏ గుడికీ కట్టుబడినవాడు కాదు, మనిషి గుండెలో ఉండేవాడు.

కాశీలో పోతే మోక్షమనీ, మగహరులో పోతే గాడిద జన్మ తప్పదనీ అప్పటి జనం భయం. కబీరు మాత్రం ముసలితనంలో కోరి మగహరుకే వెళ్లారు, అక్కడే కన్నుమూశారు. గుండెలో ఉన్న దేవుడు ఊరు మారితే వదిలిపోడని ఆయన ధీమా. ఇవాళ అక్కడ హిందువుల సమాధీ, ముస్లిముల మజారూ పక్కపక్కనే ఉన్నాయి. మేటి నేతగాళ్లకు కేంద్రం ఇచ్చే అవార్డు కూడా ఆయన పేరు మీదే.

మాకైతే ఆయన మగహరు ప్రయాణమే ఎక్కువ దగ్గర. చేతిపని ఒక్కటే నమ్ముకుని మా పెద్దలు షోలాపూర్ వచ్చినప్పుడు ఇక్కడ చుట్టమెవరు? ముందు దేవుడి పటం గోడకు తగిలించుకుని, ఆ తర్వాతే మగ్గం పెట్టారు.