ధ్వనిశాస్త్రాచార్యుడు డేనియల్ జోన్స్

ఆంగ్లభాషకు లిపిసంకేతములు 26. దక్షిణ ఇంగ్లండు శిష్టుల పలుకులో ధ్వనులు సుమారు 44. అందుచే ఆ భాషలో వ్రాతను బట్టి ఉచ్చారణమును నిర్ణయించుట సాధ్యము కాదు. ఆ ఉచ్చారణమునకు శాస్త్రస్థితి కల్పించిన వారిలో డేనియల్ జోన్స్ అగ్రగణ్యులు.

ఈయన 1881లో లండన్ నగరమున జన్మించినారు. కేంబ్రిడ్జిలో గణితము చదివి, తండ్రి వలెనే న్యాయవాద పట్టము పొందియు ఆ వృత్తి చేపట్టలేదు. పారిస్‌లో పాల్ పాసీ వద్ద ధ్వనిశాస్త్రము అభ్యసించి, 1907లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ప్రవేశించి, 1921లో ఆచార్యులై, 1949 వరకు అచ్చటనే బోధించినారు. మన సునీతి కుమార్ చటర్జీ ఆయన వద్ద చదివినవారే.

హల్లులను స్థాన ప్రయత్నములను బట్టి విభజించుట మన ప్రాతిశాఖ్యకారులకు కరతలామలకము. ఘోషాఘోష భేదమును పాశ్చాత్యులు స్పష్టముగా గ్రహించుటకు ఆ గ్రంథములే తోడ్పడినవి. కావున ఆంగ్లపు ట, డ లు మన మూర్ధన్యములు కావనియు, నాలుకకొన దంతమూలమునకు వెనుక తాకుట వలన పుట్టుననియు చెప్పిన మనవారికి వెంటనే బోధపడును. చిక్కంతయు అచ్చులలోనే. ఇకారము తాలవ్యము, ఏకారము కంఠతాలవ్యము అనిన మన విభాగము సంస్కృతమునకు చాలును. ‘క్యాట్’ అను మాటలోని అచ్చు ఎంత ఏకారము, ఎంత ఆకారము అని అడిగినచో అది బదులీయదు.

జోన్స్ గారి ప్రతిభ ఇచ్చటనే కానవచ్చును. నాలుక ముందుభాగమును ఒరిపిడి పుట్టనంతవరకు తాలువు వైపు ఎత్తిన ఇకారమొకటి. నాలుకను మిక్కిలి దించి వెనుకకు లాగిన ఆకారమొకటి. ఈ రెండింటిని అవధులుగా నిలిపి, తక్కినవానిని చెవికి సమానాంతరముగా తోచునట్లు అమర్చి, ఎనిమిది ప్రమాణస్వరములను ఏర్పరచినారు. ఏ భాషలోని అచ్చునైనను వీనితో పోల్చి చెప్పవచ్చును. నాలుకపై సన్నని సీసపు గొలుసు పరచి, ఎక్స్-రే ఛాయాచిత్రములు తీయించి, వీనిలో నాలుగింటి స్థానములను చూపినారు. గణితము వృథా పోలేదు.

1917లో వెలువడిన ఆయన ఆంగ్లోచ్చారణ నిఘంటువు మిక్కిలి ప్రసిద్ధము. దక్షిణ ఇంగ్లండులో వసతి పాఠశాలల యందు చదివిన కుటుంబముల పలుకును అందు నమోదు చేసినారు. అందరును అట్లే పలుకవలెనని శాసించుట ఆయన ఉద్దేశము కాదు. అయినను చదువరులు దానిని శాసనముగనే స్వీకరించిరి. లక్ష్యమును చూపిన గ్రంథము లక్షణమై కూర్చున్నది! కోట్ల జనుల పలుకు తప్పుగా ఎంచబడుటకు అది ఆధారమైనది. ఈ దోషము గ్రంథకర్తది కాదని నా అభిప్రాయము; కాని ఆ వర్గపు పలుకునే ఎన్నుకొనుట నిష్పాక్షికమని కూడ అనజాలను.

ప్రమాణస్వరములు పుస్తకము చూచి పట్టుబడవనియు, ఎరిగిన గురువు నోట విని నేర్వవలెననియు ఆయన సిద్ధాంతము. వేదాధ్యయనపరులకు ఇది క్రొత్త మాట కాదు. గురువు దొరకనివారి కొరకు ఆ స్వరములను స్వయముగా పలికి 1917, 1943, 1956 సంవత్సరములలో గ్రామఫోను పలకలపై ముద్రింపించినారు. కడపటి ముద్రణనాటికి ఆయన వయస్సు 75కు చేరువ. 1967 డిసెంబరు 4న దివంగతులైనారు. ఆ కంఠమును నేటికిని వినవచ్చును.