పలికినట్లు వ్రాయవలెనన్న పంతులుగారు

ధ్యానమునకు వాక్యభాగములు: నెహెమ్యా 8:1–12; న్యాయాధిపతులు 12:1–6; 1 కొరింథీయులకు 14:6–19



పాన్‌గల్ కొండ మీది పాతకోటను చూడనివారు మన ప్రాంతములో అరుదు. దానికి ఆనుకొనియున్న మన ఊరి పేరును ఒకరు పాన్‌గల్ అనియు, ఒకరు పానగల్ అనియు, మరియొకరు పానుగల్లు అనియు వ్రాయుదురు. ఇంగ్లీషులో వ్రాయునప్పుడు ఆ తేడా మరి కొంత పెరుగును. అయినను ఊరివాడు నోరు విప్పి పలికినప్పుడు ఏ ఊరో ఎవరికిని సందేహముండదు. పలుకు ముందు పుట్టినది. వ్రాత దాని వెనుక వచ్చినది. వెనుక వచ్చినది ముందున్నదాని మీద పెత్తనము చేయవచ్చునా? ఈ ఒక్క ప్రశ్న కొరకు తన జీవితమంతయు ఖర్చు చేసిన ఒక బడిపంతులుగారి చరిత్రను ఈ నెల మీ ముందు ఉంచుచున్నాము. ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. ఆయన మన సంఘస్థుడు కాడు, బ్రాహ్మణ కుటుంబీకుడు. అయినను వాక్యమును చదువుకొనువారమైన మనము ఆయనయొద్ద నేర్చుకొనవలసినది చాల యున్నది.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళము ప్రాంతములో శ్రీముఖలింగము దగ్గరనున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. 1875లో తండ్రి విషజ్వరముతో మరణించెను. అప్పటికి పిల్లవాని వయస్సు పండ్రెండేండ్లు. బంధువుల యింట ఉండి విశాఖపట్నములో చదువు సాగించి, 1879లో మెట్రిక్యులేషను ప్యాసై, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు 30 రూపాయల జీతము మీద చరిత్ర చెప్పు ఉపాధ్యాయుడుగా చేరెను. ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగా చదివి 1896 నాటికి బి.ఏ. పట్టమును సంపాదించెను. ముఖలింగపు గుడిలోని శాసనముల లిపిని తానే నేర్చి చదివి, కళింగ గాంగరాజుల చరిత్రను గూర్చి ప్రకటించెను. ఎవరును నేర్పకపోయినను నేర్చుకొనగల బుద్ధి ఆయనది.

పర్లాకిమిడి చుట్టు కొండలలో సవరలు నివసించుదురు. వారు సంతకు దిగివచ్చినప్పుడు వారి భాష ఎవరికిని తెలియదు. తెలియనందున లెక్కలలో మోసము, కచేరీలో అన్యాయము జరుగుచుండెను. పట్నపువారికి అది భాషగా కాక ఏదో అరుపుగా తోచెడిది. రామమూర్తిగారు తెలుగు వచ్చిన ఒక సవరను తన యింటనే ఉంచుకొని, అతనినే గురువుగా చేసికొని, ఆ భాషను మాట మాటగా నేర్చుకొనెను. వ్రాతలో లేని భాష గనుక చెవితో విన్నదానిని విన్నట్లు వ్రాయవలసి వచ్చెను. సవరలకు తమ భాషలోనే చదువు చెప్పించుటకు స్వంత ఖర్చుతో బడులు పెట్టించెను, పుస్తకములు తయారు చేసెను. మదరాసు ప్రభుత్వము మెచ్చి సొమ్ము బహుమతిగా ఇయ్యబోగా, అది నాకు వద్దు, దానితో సవరల పిల్లలకు బడి పెట్టుడని కోరెను.

ఈ పనికి ఆయన చెల్లించిన వెల తక్కువ కాదు. కొండలలో తిరిగినందున మలేరియా పట్టుకొనెను. దానికి మ్రింగిన క్వయినా వలన చెవులు దెబ్బతిని, తరువాతి జీవితమంతయు చెవిటివాడుగా గడపవలసి వచ్చెను. మనుష్యుల పలుకునే ప్రేమించినవాడు ఆ పలుకును వినలేనివాడాయెను. అయినను పని మానలేదు. ఆయన సవర వ్యాకరణము 1931లో అచ్చయ్యెను. సవర–ఇంగ్లీషు నిఘంటువు కూడ తరువాతి సంవత్సరములలో వెలువడెను. అదే సవరల మధ్య కెనడా బాప్తిస్టు మిషనరీలు సువార్తపని చేసిరని మనవారిలో కొందరెరుగుదురు. ఒక జనుల భాషను గౌరవించనిదే ఆ జనులను ప్రేమించుట సాధ్యము కాదని ఇట్టి పని చేసినవారందరికి తెలియును.

కొండలలో నేర్చిన పాఠమును పంతులుగారు తన స్వంత తెలుగుకు అన్వయించెను. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో యేట్స్ అను దొర ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చెను. పిల్లలు ఇంటిలో మాటలాడు తెలుగు ఒకటి, బడి పుస్తకములోని తెలుగు వేరొకటి ఎందుకున్నదని ఆయనకు ఆశ్చర్యము కలిగెను. ఆ ప్రశ్న రామమూర్తిగారిని కదిలించెను. ఆయన స్వీట్, యెస్పర్‌సన్ మొదలైన పాశ్చాత్య భాషాశాస్త్రజ్ఞుల పుస్తకములను చదివి, నోటిలోని భాషయే బ్రతికియున్న భాషయని నిశ్చయించుకొనెను. కన్యాశుల్కము వ్రాసిన గురజాడ అప్పారావుగారు, విశాఖపట్నపు కళాశాల ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారుగారు ఆయనకు తోడైరి.

ఈ చిక్కు తెలుగువారికి మాత్రమే కాదు. ఇంగ్లీషులో రాత్రిని నైట్ అందురు, గుఱ్ఱపు రౌతైన వీరుని కూడ నైట్ అందురు. పలుకు ఒకటే, అక్షరములు వేరు. రెండవ మాటకు ముందు ఎవరును పలుకని ఒక అక్షరమును మోయవలెను. అమెరికాలో వెబ్‌స్టరు 1828 నాటి నిఘంటువులో కొన్ని మాటలలోని అనవసరపు అక్షరములను తీసివేసెను. 1906లో కార్నెగీ అను ధనవంతుని సొమ్ముతో ఒక మండలి ఏర్పడి సులభమైన వ్రాతను ప్రచారము చేసెను. అధ్యక్షుడైన రూజ్‌వెల్టు ప్రభుత్వపు అచ్చుపనిలో 300 మాటలను క్రొత్త పద్ధతిలో వేయుమని ఆజ్ఞాపించెను గాని, శాసనసభ ఎదిరించుటచేత వెనుకకు తగ్గవలసి వచ్చెను. 1908లో లండనులో ఇట్టి సంఘమే ఒకటి ఏర్పడెను. 1950లో మరణించిన బెర్నార్డ్ షా క్రొత్త అక్షరమాల కొరకు తన వీలునామాలో సొమ్ము కేటాయించెను. 1962లో ఆ అక్షరములతో ఆయన నాటకమొకటి అచ్చయినది గాని లోకము దానిని పట్టించుకొనలేదు.

మన తెలుగు అక్షరములు ఇంగ్లీషు అక్షరములవలె మోసము చేయవు. చాలవరకు పలికినట్లే వ్రాయుదుము. అయినను ఎవరును పలుకని అరసున్నలు, రెండు రకముల రకారములు పిల్లల నెత్తిన ఉండెను. అంతకంటె పెద్ద భారము, అసలు మాటయే వేరుగా నుండుట. చిన్నయసూరిగారి బాలవ్యాకరణము 1858లో వెలువడిన తరువాత, వచనము కూడ ఆ సూత్రముల ప్రకారమే వ్రాయవలెనని పండితులు పట్టుపట్టిరి. పిల్లవాడు తన తల్లి మాటను కాగితము మీద పెట్టినచో అది తప్పు. తప్పు మాట తల్లిదగ్గర నేర్చితినని వాడు సిగ్గుపడవలెను. రామమూర్తిగారికి బాధ కలిగించినది ఇదియే. తెలివిగల పిల్లలు తెలివిలేనివారని పేరు తెచ్చుకొని బడి మానుట ఆయన కన్నులార చూచెను.

ఆయన 1911లో ఉద్యోగము నుండి విరమించి, మిగిలిన కాలమంతయు ఈ పనికే అర్పించెను. 1912–13లో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును వాడుకభాషలో కూడ వ్రాయవచ్చునని అనుమతి వచ్చెను. పండితులు ఏకమై ఎదిరించిరి. జయంతి రామయ్య పంతులుగారు వారికి నాయకులు. ఆయన కూడ తెలుగును ప్రేమించినవారే; వాడుకమాట వ్రాతలోకి వచ్చినచో పూర్వకవుల సంపదతో సంబంధము తెగిపోవునని భయపడిరి. ఆ భయమును మనము ఎగతాళి చేయరాదు. కొంతకాలమునకు వారి పక్షమే నెగ్గెను, బడులలో గ్రాంథికమే నిలిచెను.

ఓడినను రామమూర్తిగారు కూర్చుండలేదు. 1919లో తెలుగు అను పత్రికను నడిపెను. అదే సంవత్సరమున రాజమహేంద్రవరములో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడగా, వృద్ధుడైన కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులైరి, రామమూర్తిగారు కార్యదర్శియైరి. గ్రాంథికములో పుస్తకములెన్నో వ్రాసిన వీరేశలింగంగారు తన చివరి దినములలో మనస్సు మార్చుకొనుట పెద్ద సంగతి. 1925లో తణుకు సభలో రామమూర్తిగారు నాలుగు గంటలసేపు ప్రసంగించెను. ఆయన పద్ధతి తిట్టు కాదు, రుజువు. పాత పుస్తకములను చేతపట్టుకొని, పండితులు తప్పని కొట్టివేసిన రూపములు పూర్వులే వాడిరని పుటలు తిప్పి చూపెడివాడు. గ్రాంథికమే వ్రాయవలెనన్నవారు తామే గ్రాంథికము సరిగా వ్రాయలేకపోవుటను కూడ చూపెడివాడు. మాట వినబడని ఆ ముసలివాడు సంచిలో పుస్తకములతో ఊరూర తిరిగెను.

1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరినది. యాభైయేండ్లకు మించి నివసించిన ఆ ఊరిని విడిచి ఆయన రాజమహేంద్రవరము చేరెను. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనకు కళాప్రపూర్ణ బిరుదునిచ్చెను. 1940 జనవరి 15న మదరాసులో పత్రికా సంపాదకులను చేరదీసి, ప్రజలకు తెలియు భాషలో వ్రాయుడని చివరిసారి వేడుకొనెను. ఆ మాసము 22వ తేదీన కన్నుమూసెను. ఆయన బ్రతికియుండగా బడిపుస్తకములు మారలేదు. 1960ల నుండి అవి క్రమముగా మారినవి. నేడు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పవలెను. ఆ ఉద్యమము తెచ్చిన వాడుకభాష చాలవరకు కోస్తా జిల్లాల చదువుకొన్నవారి వాడుక. మన పాలమూరు పిల్లవాడు యాడికి పోతున్నవ్ అన్నప్పుడు, అదియు పలుకే, అదియు తల్లి మాటయేనని ఒప్పుకొనుటకు మరి చాల కాలము పట్టినది. నిజాము రాజ్యములో మనవారికి పై చదువు ఉర్దూలో, తరువాత పుస్తకాల తెలుగులో. ఇంటి మాటకు రెండు కాలములలోను చోటు లేకపోయెను. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన 2014 తరువాతనే కాళోజీ నారాయణరావుగారి పుట్టినదినమైన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవమాయెను. రామమూర్తిగారు తెరచిన తలుపులోనుండి ఇంకను అందరును లోపలికి రాలేదన్నమాట.

ఇప్పుడు వాక్యము తట్టు చూతము. న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయములో యొర్దాను రేవులయొద్ద ఏమి జరిగెను? షిబ్బోలెతు అనుమని అడిగిరి. ఎఫ్రాయిమీయునికి ఆ అక్షరము పలుకదు, సిబ్బోలెతు అనెను. ఆ ఒక్క పలుకునుబట్టి వానిని చంపిరి. ఆ యుద్ధములో పడినవారు 42,000 మంది. పలుకును పరీక్షగా పెట్టినచోట మనుష్యుడు పడిపోవును. పెంతెకొస్తు దినమున జరిగినది దీనికి పూర్తిగా భిన్నము. దేవుడు జనులందరిని ఒక భాషకు రప్పించలేదు. ఎవరి భాషలో వారికి వినబడునట్లు తానే దిగివచ్చెను. నెహెమ్యా దినములలో ఎజ్రా గ్రంథమును విప్పినప్పుడు లేవీయులు అర్థము చెప్పిరి. అర్థమైనందుననే జనులు ఏడ్చిరి, తరువాత సంతోషించిరి. చదువుటతో పని ముగియలేదు.

విశాఖపట్నములోని మిషనరీలు తెలుగులోనికి తర్జుమా చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి. సంపూర్ణ బైబిలు 1854లో వచ్చెను. ఆ సేవకు మనము ఎంతైన ఋణపడియున్నాము. అయినను మొన్న ఒక సాయంకాల కూటములో వాక్యము చదివిన తరువాత ఒక ముసలి తల్లి లేచి, విమోచన క్రయధనమంటే ఏంది నాయనా అని అడిగెను. చదివిన యౌవనునికి నోట మాట రాలేదు. అది మాకును చురుక్కుమనిపించెను, ఏలయనగా ఎన్నో యేండ్లుగా ఆ మాటను మేము పలుకుచు వచ్చితిమి గాని, ఎవరికి అర్థమైనదో ఎన్నడును అడుగలేదు. అప్పుడు ఒక పెద్దమనిషి, అప్పుకు జీతమున్న పిలగాన్ని విడిపించడానికి తండ్రి పైసలు కట్టిండనుకో అమ్మా, గది అని చెప్పెను. ఆ తల్లి కొంగు కండ్లకు అద్దుకొనెను. ఆమె అన్న కూడ చిన్ననాడు అట్లే జీతమున్నవాడట.

ఈ పత్రిక వ్రాయు మేమే పాత వరుసలో వ్రాయుచున్నాము. అలవాటు అంత సులువుగా విడువదు. ఈ మాటలలో ఒక పరిశుద్ధత యున్నదని మా పెద్దలు నేర్పిరి, ఆ ప్రేమ తప్పు కాదు. రామయ్య పంతులుగారి భయము మాలోను కొంత యున్నది. కాని పరిశుద్ధత అర్థము కాకపోవుటలో లేదు. అపొస్తలుడైన పౌలు అర్థము కాని పదివేల మాటలకంటె అర్థమగు అయిదు మాటలే సంఘమునకు మేలని వ్రాసెను.

కాబట్టి ఈ నెల మన సంఘములలో ఒక పని చేయుదము. వాక్యము చదివిన తరువాత, అర్థమయిందా అని ఒక్కరినైనను అడుగుదము. అడిగినవారిని చిన్నచూపు చూడకుందము. ఇంటి మాటలో ప్రార్థించు సహోదరిని చూచి నవ్వకుందము. బడిలో తన పలుకుకు సిగ్గుపడి వచ్చిన పిల్లవానికి, నీ తల్లి మాటను ప్రభువు వినునని చెప్పుదము.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా నోటి మాటను ఎరిగిన దేవా, అర్థము కాని మాటలతో నీ బిడ్డలకు అడ్డు నిలిచినందుకు మమ్మును క్షమించుము. వినువాని భాషలో దిగివచ్చు మనస్సును మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.