రాబర్టు గొడ్డార్డు

అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమునందు వూస్టరు అను పట్టణము కలదు. రాబర్టు గొడ్డార్డు 1882 వ సంవత్సరము అక్టోబరు 5 వ తేదీన అచ్చట జన్మించెను. బాల్యమున తఱచు జబ్బుపడుచుండుటచే ఆతడు చదువున తోడివారికంటె వెనుకబడెను. పదునేడేండ్ల ప్రాయమున, 1899 అక్టోబరు 19 న, ఎండుకొమ్మలు నఱకుటకై పెరటిలోని చెఱ్ఱీచెట్టు నెక్కి, అంగారక గ్రహమునకు పోగల యంత్రమును గూర్చి కలగనెను. ఆ దినమును ఆతడు ఏటేట పండుగవలె స్మరించుచుండెను.

పెద్దవాడై భౌతికశాస్త్రము నభ్యసించి, క్లార్కు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. నడుమ క్షయవ్యాధి సోకి మరణము అంచులకు పోయి వచ్చెను. కోలుకొనిన పిదప 1914 లో ద్రవ ఇంధనపు రాకెట్టునకును, అంచెలంచెలుగా మండు రాకెట్టునకును పేటెంటు హక్కులు పొందెను.

అంతరిక్షమున గాలి లేదు. గాలి లేనిచోట రాకెట్టు దేనిని తన్ని ముందునకు పోవును? పండితులు సైతము ఈ సందేహమున చిక్కుకొనిరి. మన దీపావళి తారాజువ్వ గాలిని తన్నుకొని యెగురునని తలచుట పొరపాటు. కదలని చెరువులో పడవపై కూర్చుండి, అందలి రాళ్లను ఒక్కొక్కటిగా వెనుకకు విసరినచో పడవ ముందునకు సాగును. రాయి చేతిని వీడునపుడే ఈ తోపు కలుగును. పిదప అది దేనిని తాకినను తాకకున్నను ఒక్కటే. రాళ్లు తఱిగినకొలది పడవ తేలికపడును గనుక, చివరి రాయి మొదటి రాతికంటె ఎక్కువ వేగమును చేర్చును. రాకెట్టునకు మండిన వాయువే రాళ్లు.

గొడ్డార్డు దీనిని వాదముతో విడువలేదు. గాలి తీసివేసిన గొట్టములో చిన్న రాకెట్టును కాల్చి చూచెను. తోపు తగ్గకపోగా కొంత హెచ్చెను. వెలువడు వాయువునకు ఎదురొత్తు గాలి లేకపోవుటయే కారణము. స్మిత్సోనియను సంస్థ ప్రకటించిన 1919 నాటి గ్రంథమున ఆతడు ఈ ఫలితములను వివరించి, చంద్రుని వఱకు రాకెట్టును పంపవచ్చునని సూచించెను. 1920 జనవరి 13 న న్యూయార్కు టైమ్సు పత్రిక, ఉన్నత పాఠశాలలో నేర్పు సంగతి సైతము ఈ ఆచార్యునకు తెలియదని పరిహసించెను. న్యూటను మూడవ సూత్రమును శ్రద్ధగా చదివిన విద్యార్థి యెవడైనను ఆ సంపాదకునకు బదులు చెప్పగలడు! గొడ్డార్డు మాత్రము మనసు నొచ్చి, నాటినుండి తన పనిని గుట్టుగా సాగించెను.

1926 మార్చి 16 న, ఆబర్ను గ్రామములోని మంచు కప్పిన పొలమున, పెట్రోలుతోను ద్రవరూపమైన ఆమ్లజనితోను నడచు రాకెట్టును నిలిపి నిప్పంటించెను. మంట వెలువడెను, హోరు పుట్టెను. కాని రాకెట్టు కదలలేదు. ఇంధనము కొంత మండి బరువు తగ్గువఱకు, దాని తోపు దాని బరువును మించలేదు. కొన్ని సెకనులకు మెల్లగా లేచి, అంతట రైలువేగమున దూసుకొనిపోయెను. రెండున్నర సెకనులలో 41 అడుగుల ఎత్తునకు పోయి, 184 అడుగుల దూరమున పడెను. భార్య ఎస్తరు కెమేరా పట్టి నిలిచెను గాని, దాని చావి అప్పటికే విడిపోవుటచే ఆ యెగురుట చిత్రమున పడలేదు.

గొడ్డార్డు 1945 ఆగస్టు 10 న మరణించెను. 1969 జూలై 17 న, అపోలో 11 చంద్రునివైపు ప్రయాణించుచుండగా, ఆ పత్రిక తన పాత తప్పును అచ్చులో ఒప్పుకొనెను.